గేజీ మెట్ల దగ్గర

పొద్దున్న ఏడింటికి గేజీ చూసి
పుస్తకంలో అంకె వేస్తాను.
మేఘాద్రిగెడ్డ నిన్నటికంటే రెండంగుళాలు తక్కువ.
రాత్రికి రాత్రి ఊరు అంత తాగిందన్నమాట.
ఆ తర్వాత పెద్దగా పనుండదు
పంపుల హోరుకి చెవులు అప్పగించడం తప్ప.

నా పేరు తౌడు.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని
చేటెడు తౌడుకి నన్ను కొన్నట్టు కొని
మా అమ్మ పెట్టిన పేరు.
ఆ పేరుకి చేపలు రావడంలో వింతేముంది?

క్యారేజీ అడుగున మిగిలిన చద్దన్నం
ఆఖరి మెట్టు మీంచి విసురుతాను.

ముందు పరిగెలొస్తాయి.
వేలెడుండవు, వందలుంటాయి.
ఒకటి తల తిప్పితే అన్నీ తిప్పుతాయి,
ఎండలో ఎవరో వెండి చెరిగినట్టు.
మెతుకుని ఏదీ మింగదు, అన్నీ పొడుస్తాయి.
బొంగరమై తిరిగి తిరిగి
మెతుకు అరిగిపోతుంది.
ఎవరి కడుపు నిండిందో
గుంపుకే తెలీదు.

ఒంటరి పరిగె మాత్రం
నేనెన్నడూ చూళ్ళేదు మెట్ల దగ్గర.
ఒకసారి చూశాను, రాతి సందులో.
మెతుకు తన ముందునించే దిగిపోతుంటే
అలా చూస్తూ ఉండిపోయింది.

అంతలో అడుగునించి ఒక నీడ లేస్తుంది.
బొచ్చె.
నోరు తెరిస్తే నీళ్ళే లోపలికి జారతాయి.
పరిగెలు చెదిరి
మళ్ళీ దాని తోక వెనకే చేరతాయి,
పెద్దింటి పెళ్ళిలో చివరి పంక్తిలా.

ఇవన్నీ కాదు నేను చెప్పాలనుకున్నది.

మోకాలి లోతులో
గంపంత గుంత ఒకటుంది.
ఇసక నోట పట్టి, బయట ఊసి, మళ్ళీ పట్టి
ఒక జిలేబీ మగాడు తవ్వుకున్నది.
ఒళ్ళు మసి నలుపు, గొంతు కింద సున్నం,
రెక్క అంచుకి పారాణి.
పక్కన ఇంకో గుంత, దాని పక్కన ఇంకోటి.
మధ్యన గట్టు లేదు, రాయి లేదు.
అయినా సరిగ్గా ఒకే చోట
రెండూ ఆగి, నోరూ నోరూ కరుచుకుని తోసుకుంటాయి.

మెతుకు గుంతకి జానెడు అవతల పడుతుంది.
వాడు సగం దూరం వస్తాడు.
వెనక్కి చూస్తాడు.
వెళ్ళిపోతాడు.
ఒక్కరోజు ఆగలేక వచ్చాడు.
మూడు మెతుకులు తిన్నాడో లేదో
గుంపులోంచి పాలిపోయిన చేపొకటి
గుంతలోకి దిగి కూర్చుంది.
దాన్ని తరమడానికి
మధ్యాన్నం దాకా పట్టింది.

ఆడది వేరే కథ.
బుగ్గలుబ్బి రెల్లు మొదట్లో నిలబడి ఉంటుంది.
మెతుకొచ్చి మూతికి తగిలినా
నోరు తెరవదు.
నోటి నిండా పిల్లలు.

సాయంత్రం షిఫ్టు దాలినాయుడికి చూపిస్తే
"తినకపోతే ఏటైతాది, తూకం తగ్గుతాది" అన్నాడు.
శుక్రవారం వాళ్ళ తమ్ముడు వల విసిరాడు.
నల్లోడు మొదటి విసురుకే వచ్చాడు,
చోటు వదిలి పారిపోడు కదా.

శనివారం పొద్దున్న గుంత ఖాళీగా ఉంటుందనుకున్నాను.
పాలిపోయిన చేప ఉంది అందులో.
పాలిపోయి లేదు.
ఒక్క రాత్రిలో నల్లబడింది.

పైన విమానం దిగుతోంది, చక్రాలు చాపుకుని.
దాని నీడ నీళ్ళ మీంచి పోతే
పరిగెలన్నీ ఒక్కసారి మునిగి
ఒక్కసారే తేలాయి.
నాకు జ్వరమొచ్చిన నాలుగు రోజులూ
గేజీ పుస్తకంలో వేరే దస్తూరీ ఉంది.
నాకంటే గుండ్రంగా రాశాడు, ఎవడో.
ఒకటో రెండో రోజులు ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు.

ఇవాళ గురి చూసి
ఒక్క మెతుకు సరిగ్గా గుంత నడిమధ్యన వేశాను.
తింటాడనుకున్నాను, కాపలా కాస్తూనే.

కొత్తోడు దాన్ని నోట పట్టాడు.
హద్దు దాకా మోసుకెళ్ళి
ఇసకని ఊసినట్టు ఊసి
వెనక్కి వచ్చాడు.

బయట పరిగెలు
ఆ మెతుకుని తిప్పుతున్నాయి.